ఇనగాకి కెప్టెన్ దగ్గు

ఇనగాకి కెప్టెన్ దగ్గుతాడు. ఆయన గురించి తెలుసుకోవలసిందంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మిగిలినదంతా వ్యాఖ్యానం.

దగ్గని మనిషెవడు, అంటారు. నిజమే. కాని లోకంలో తక్కినవాళ్లు దగ్గు వచ్చినప్పుడు దగ్గుతారు. కెప్టెన్ నిశ్శబ్దం వచ్చినప్పుడు దగ్గుతాడు. రికార్డు తిరుగుతూ ఉంటుంది. పియానో సన్నగిల్లి సన్నగిల్లి ఒక్క స్వరం దగ్గర నిలబడుతుంది. ఆ స్వరం గాలిలో కరిగిపోతూ ఉంటే, వింటున్నవాళ్లు ఊపిరి పీల్చడం కూడా వాయిదా వేసుకుంటారు. సరిగ్గా అప్పుడు, "ఖ్హూం... ఖు ఖు!" ఎప్పుడూ అదే కొలత. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఛందస్సు చదువుకున్నవాళ్లు దీన్ని భగణమంటారు. కోబె రేవులో జీవితమంతా టగ్ బోటు నడిపి, పెద్ద పెద్ద ఓడలని ఒడ్డుకి చేర్చిన మనిషి కావడం వల్ల ఆ భగణానికి హారన్ బలం కూడా ఉండేది.

జబ్బేమో అనుకుంటే అదీ కాదు. డాక్టరు ఛాతీకి ఫొటో తీసి, దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఈ ఊపిరితిత్తులతో మీరు పడవ లేకుండానే ఓడ లాగొచ్చు" అన్నాడట.

కోబె పట్నంలో కాఫీ ముందు పెట్టుకుని, నోరు మూసుకుని, కళ్లు కూడా మూసుకుని జాజ్ వినే షాపులు కొన్ని ఉన్నాయి. వాటి గోడల మీద "మాట్లాడవద్దు" అని పూర్వం నుంచీ బోర్డు ఉండేది. కెప్టెన్ రాకపోకలు మొదలయ్యాక దాని కింద "దగ్గవద్దు" అని మరో బోర్డు వెలిసింది. ఒక షాపువాడు అక్కడితో ఆగక మూడో బోర్డు కూడా పెట్టాడు. దాని మీద అక్షరాలు లేవు. టగ్ బోటు కెప్టెన్ టోపీ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

అలా ఒక్కొక్క గుమ్మమే మూసుకుపోగా, కెప్టెన్ చివరికి మోతోమాచిలో రైలు పట్టాల కింద ఉన్న 'కామోమె' పాత రికార్డుల షాపుకి చేరుకున్నాడు. షాపు యజమానురాలు కుసునొకి తొమోయె. బాబాయి పోతూ పోతూ షాపునీ, అందులోని దుమ్మునీ ఆమెకే వదిలి వెళ్లాడు. కెప్టెన్‌ని వెళ్లగొట్టడానికి ఆమెకి మొహమాటం అడ్డు వచ్చింది, న్యాయం కూడా అడ్డు వచ్చింది. కాసేపటికొకసారి నెత్తిమీద నుంచి రైలు పోతుంది. పోయినప్పుడల్లా సూది గెంతకుండా ఆమె రికార్డు ప్లేయరు బల్లని రెండు చేతులా అదిమి పట్టుకుంటుంది. రైలుని రానిచ్చే షాపులోకి దగ్గుని రావద్దని ఏ మొహం పెట్టుకుని అనడం?

ఈ తర్కం కళ్లజోళ్ల షాపు ఒకిషియోకి నచ్చేది కాదు. ఆయన రోజూ మధ్యాహ్నం తన కొట్టు భార్యకి అప్పగించి వచ్చి, ప్లేయరు పక్కన స్టూలు మీద కూచుని, తపస్సులోకి వెళ్లే భక్తుడు.

"తొమోయె-సాన్, మీరు ఆయన్ని ఏమీ అనరా?"

"రైలుని మీరేమన్నా అంటున్నారా, ఒకిషియో-సాన్?"

"రైలు టైముకి వస్తుందండీ! సిద్ధపడి ఉంటాం!"

"నేనూ టైముకే దగ్గుతాను" అన్నాడు కెప్టెన్ వెనక నుంచి, నొచ్చుకుంటూ.

ఒకిషియో జేబులోంచి గొంతు బిళ్లల పొట్లం తీసి చాచిన చేత్తో అందించాడు. ఇది కూడా రోజువారీ కార్యక్రమమే. కెప్టెన్ వంగి, కృతజ్ఞతలు చెప్పి, బిళ్ల నోట్లో వేసుకుని, వచ్చే నిశ్శబ్దం కోసం కాచుకుని కూర్చునేవాడు.

ఇంతా చేసి ఆ షాపులో రికార్డులు చూడడం తెలిసినవాడు ఆయనొక్కడే. పేరున్న అమెరికా పియానిస్టుల పెట్టె వైపు ఆయన కన్నెత్తి చూడడు. "అవి నడిసముద్రంలో ఉన్న ఓడలు. వాటి దారి అవి చూసుకుంటాయి. రేవు చేరనివాటి సంగతే నాది" అంటాడు. ఎవరూ ముట్టని అడుగు పెట్టెల ముందు మోకాళ్ల మీద కూచుని, ఒక్కొక్క అట్టనీ వేళ్లతో ముందుకి వంచుతూ పోతాడు. ఆ వేళ్ల చప్పుడు తొమోయెకి వాన చినుకుల్లా వినిపించేది. చినుకులు హఠాత్తుగా ఆగాయంటే ఏదో దొరికిందన్నమాట. కెప్టెన్ ముందు టోపీ తీస్తాడు. తర్వాత రికార్డుని రెండు చేతులా నుదుటి ఎత్తుకి ఎత్తుతాడు.

"మినెగిషి ఫుకు! ఈ పేరు విన్నావా, తొమోయె-చాన్?"

"లేదు, కెప్టెన్."

"నేనూ వినలేదు!" ఆ 'వినలేదు'లో ఉన్న ఆనందం లాటరీ తగిలినవాడికి కూడా ఉండదు.

ఆ మినెగిషి ఫుకు నీగాతా వైపు ఒక బడిలో సంగీతం పంతులమ్మ. ఒక్క రికార్డు చేసింది, మళ్లీ బడికి పోయింది. తొమోయె సూది దించింది. ఇంటి కప్పు మీద మంచు పేరుకుని పేరుకుని, ఇక జారదులే అని మనం అటు తిరగగానే ఒక్కసారిగా జారి పడుతుంది చూడండి, ఆమె కుడిచెయ్యి అలా పలికింది. ఒకిషియో స్టూలు మీంచి లేచి నిలబడిపోయాడు. ఇంకోసారి కురెబయాషి అనే బ్యాంకు గుమాస్తా రికార్డు దొరికింది. ఆయన ఎడమచేత్తో ఖజానా తలుపులు వేసుకుంటూ వెళ్తుంటే, కుడిచెయ్యి ఆ తలుపుల సందుల్లోంచి పావురంలా తప్పించుకుంటూ పోయింది. దేశంలో పక్కింటివాళ్లకి కూడా తెలియకుండా ఇంత జరిగిందా అని ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ ఆశ్చర్యంలోంచి తేరుకోకముందే, "ఖ్హూం... ఖు ఖు!"

"అయ్యో, కెప్టెన్!"

"క్షమించాలి. గొంతు."

"ఇంత చక్కటి చోట..."

"చక్కటి చోటే వస్తుందండీ" అన్నాడు కెప్టెన్, తప్పంతా గొంతు అభిరుచిదే అన్నట్టు.

ఇలా సాగుతుండగా, మూతపడిన ఒక క్షవరం షాపు నుంచి తొమోయెకి ఒక పెట్టెడు రికార్డులు వచ్చాయి. అన్నిటికీ తలనూనె వాసన. వాటి మధ్యలో తెల్లటి అట్ట. మీద చిన్న అక్షరాలతో 'నగీరా ఇతోకో, పియానో' అని, సన్నోమియాలో ఎప్పుడో ఎత్తేసిన ఒక చిన్న కాఫీ షాపు పేరూ ఉన్నాయి. జనం మధ్యలో వాయిస్తుండగా పట్టిన రికార్డు. ఎవరూ వినని పేరు. తొమోయె దాన్ని కెప్టెన్ ముందు పెట్టి, టోపీ తీస్తాడని ఎదురు చూసింది.

కెప్టెన్ టోపీని ఇంకా కిందికి లాక్కున్నాడు.

"అది వద్దు, తొమోయె-చాన్. గీతలు పడి ఉంటుంది."

"అద్దంలా ఉంది. మీ ముఖం కనిపిస్తోంది చూడండి."

"అయితే వంకర తిరిగి ఉంటుంది."

"ఏమిటీ!" ఒకిషియో తపస్సులోంచి బయటికి వచ్చాడు. "కెప్టెన్ ఒక అనామకురాలిని వద్దంటున్నారా? పెట్టండి, తొమోయె-సాన్, ముందు అది పెట్టండి!"

కెప్టెన్ అడక్కుండానే ఒకిషియో పొట్లం లాక్కుని, చేతికందినన్ని బిళ్లలు నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బాయి.

మొదటి వైపు అయిపోగానే తొమోయె రికార్డు తిరగేసింది. రెండో వైపు చివర ఒక నెమ్మది పాట ఉంది. డ్రమ్ములూ బేసూ తప్పుకున్నాయి. పియానో ఒక్కటే మిగిలింది. ఆ పాట గురించి తర్వాత చాలామంది చాలా మాటలు అన్నారుగాని, ఆ మధ్యాహ్నం తొమోయెకి తోచింది ఒక్కటే: ఎవరో చీకటింట్లో ఒక్కొక్క గదిలోకీ దీపం పట్టుకు వెళ్తున్నారు, వెళ్లిన ప్రతి గదీ తను పుట్టిన గదే. ఒకిషియో కళ్లజోడు తీసేశాడు. రైలు కూడా రాలేదు. పియానో తగ్గింది. ఇంకా తగ్గింది. ఒక్క స్వరం. తర్వాత నిశ్శబ్దం.

"ఖ్హూం... ఖు ఖు!"

"కెప్టెన్!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి అటు తిరిగారు.

కెప్టెన్ ఉబ్బిన బుగ్గలతో, గట్టిగా బిగించిన పెదాలతో, నేను కాదన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు. నిజమే. ఆయన కాదు. దగ్గు రికార్డులోంచి వచ్చింది. దాని వెనకాలే పియానో మళ్లీ అందుకుని, ఇందాకటి దీపాలన్నీ ఒక్కసారి వెలిగించినట్టు లేచింది.

"మళ్లీ పెట్టండి" అన్నాడు ఒకిషియో.

తొమోయె మళ్లీ పెట్టింది. ఖ్హూం... ఖు ఖు.

"ఒకటి పొడుగు, రెండు పొట్టి. అనుమానం లేదు" అన్నాడు ఒకిషియో, పాత దేవతా విగ్రహాన్ని తవ్వి తీసిన పండితుడి గాంభీర్యంతో. "ఇనగాకిగారి యౌవనకాలపు రచన." మరుక్షణం గాంభీర్యం వదిలి మండిపడ్డాడు. "ఏమిటండీ ఇది! జపానులో ఇలాంటి రికార్డు ఇంకోటి లేదు. దాని గుండెకాయ మీద దగ్గారే! ఆవిడ మళ్లీ రికార్డు చేయకపోయిందంటే చేయకపోదూ మరి?"

కెప్టెన్ బిళ్లలన్నీ ఎలాగో మింగి, లేచి, వంగాడు. "అవును. నేనే. ఆ రోజు గొంతు బాగోలేదు." అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

తొమోయెకి ఒక్కటి అంతుపట్టలేదు. తిట్లు తిన్న మనిషి ముఖం ఆమెకి తెలుసు. కెప్టెన్ ముఖం అలా లేదు. తనిఖీ వాళ్లు తలుపు తట్టి, వేరే ఏదో చూసి, అసలుది చూడకుండా వెళ్లిపోతే ఉండే ముఖం అది.

ఆ తర్వాత కెప్టెన్ షాపుకి రావడం మానేశాడు. రికార్డుల్లో నిశ్శబ్దాలు వచ్చేవి, వెళ్లేవి, ఎవరూ దగ్గేవారు కారు. ఒకిషియో కోరుకున్న స్వర్గం అదే. అందులో కూచుని ఆయన గొంతు బిళ్లలు తనే చప్పరిస్తూ, మాటిమాటికీ గుమ్మం వైపు చూసేవాడు.

ఈలోగా రికార్డు సంగతి ఆ నోటా ఈ నోటా తోక్యో దాకా పోయి, వకుయి అనే ఆయన దిగాడు. మరిచిపోయిన రికార్డులని వెతికి కొత్త ప్రతులు వేసి అమ్మడం ఆయన వృత్తి. తెల్ల అట్టని చూసి ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని మరీ అందుకున్నాడు. నగీరా ఇతోకో ఆచూకీ కూడా ఆయనే పట్టాడు. అవాజి ద్వీపంలో ఉల్లిపాయలు పండిస్తోందట.

"ముందు ఆవిడ విని ఒప్పుకోవాలి. ఇక్కడికే వస్తానన్నారు" అన్నాడు వకుయి. "ఒక్కటే లోపం. ఆ దగ్గు. దానికేం బెంగ లేదు. ఇప్పుడు యంత్రాలున్నాయి, వెంట్రుక లాగినట్టు లాగేస్తాం."

తొమోయె ఆ శుభవార్త కెప్టెన్‌కి ఫోన్‌లో చెప్పింది. "దగ్గు తీసేస్తారట, కెప్టెన్. ఇక మీకు చెడ్డపేరు ఉండదు. షాపుకి రండి."

ఆ చివర చాలాసేపు నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలోనూ ఆయన దగ్గకపోయేసరికి ఆమెకి భయం వేసింది.

"తీసేస్తే అక్కడ ఏం మిగులుతుంది?" అన్నాడు కెప్టెన్ చివరికి.

"ఏముంటుంది, ఖాళీయే."

"ఆవిడ ఎప్పుడు వస్తోంది?"

నగీరా ఇతోకో చెప్పిన రోజుకి వచ్చింది. పొట్టి మనిషి. ఎండకి కమిలిన ముఖం, భుజాన సంచి. సంచిలోంచి ఉల్లిపాయలు తీసి కౌంటరు మీద పేర్చి, "తియ్యగా ఉంటాయి, పచ్చివే తినండి" అంది. ఆ చేతుల కేసి ఒకిషియో గుళ్లో నిలబడ్డవాడిలా చూస్తున్నాడు. తొమోయె మాత్రం షాపు వెనక భాగం కేసి చూస్తోంది. అక్కడ ఎన్కా పాటల అలమర ఉంది. వాన, సారా, రేవు, వెళ్లిపోయిన ప్రియుడు తప్ప మరో విషయం లేని ఆ పాటల దగ్గరికి జాజ్ వినేవాడు చచ్చినా వెళ్లడు. ఆ అలమర మీంచి ఒక టోపీ కొస కనిపిస్తోంది.

"శుభ్రం చేసిన నమూనా తెచ్చాను" అని వకుయి గర్వంగా మీట నొక్కాడు. "దగ్గు ఉన్న చోటు కూడా పోల్చుకోలేరు."

పాట మొదలైంది. దీపం ఒక్కొక్క గదిలోకే వెళ్లింది. ఇతోకో తల వంచుకుని వింటోంది. పియానో తగ్గింది. ఇంకా తగ్గింది. ఒక్క స్వరం. అది కరిగిపోయింది.

తర్వాత ఏమీ లేదు.

రికార్డులో దగ్గు ఉన్నన్నాళ్లూ విన్నవాళ్లందరూ దగ్గునే విన్నారు, దాన్నే తిట్టుకున్నారు. ఇప్పుడు తిట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి ఆ ఖాళీ ఎంత పొడుగో మొదటిసారి వినిపించింది. అది పాటలో భాగమైన నిశ్శబ్దం కాదు. మెట్టు ఉందనుకుని వేసిన అడుగు గాలిలో ఉండిపోయినట్టుంది. ఒకిషియో కళ్లు తెరిచాడు. "ఏమైంది? పాట మరిచి..." అనబోయి, ఇతోకో ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కౌంటరు మీద ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఖ్హూం... ఖు ఖు!"

ఎన్కా అలమర వెనక నుంచి, టగ్ బోటు హారన్‌లా, సరిగ్గా రావలసిన చోట వచ్చింది. మరుక్షణం పియానో అందుకుంది. కౌంటరు మీద ఇతోకో వేళ్లు కూడా అందుకున్నాయి, ఉల్లిపాయల మధ్య, అదే దరువు: ఒకటి పొడుగు, రెండు పొట్టి.

పాట అయిపోయేదాకా ఆమె ఎవరి వైపూ చూడలేదు. అయిపోయాక లేచి, నేరుగా అలమర వెనక్కి వెళ్లింది.

"మీరేనా?"

"గొంతు బాగోలేదండీ" అన్నాడు కెప్టెన్, ఒక ఎన్కా రికార్డుని ముఖానికి అడ్డం పెట్టుకుని.

"అబద్ధాలాడకండి." ఆమె ఆ రికార్డుని పక్కకి తీసేసింది. తర్వాత అందరి వైపూ తిరిగి, ఉల్లి ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "అక్కడ నేను పాట మరిచిపోయాను. జనం, టేపు యంత్రం, వేళ్లు రాయైపోయాయి. లేచి పారిపోదామని కాలు కూడా కదిపాను. ముందు బల్ల దగ్గర ఈయన కూర్చున్నారు. రేవులో డ్యూటీ దిగాక రోజూ మధ్యాహ్నం వచ్చి నా సాధన వినేవారు. ఎన్నడూ కప్పు చప్పుడు కూడా చేసి ఎరగరు. ఆ వేళ దగ్గారు. తర్వాతి భాగం ఏ దరువుతో మొదలవుతుందో ఆ దరువులో దగ్గారు. చెయ్యి పట్టుకుని లాగినట్టు నా వేళ్లు లేచాయి."

"ఈయనా? చప్పుడు చేయకుండానా?" అన్నాడు ఒకిషియో. అన్నిటికన్నా ఇదే ఆయనకి నమ్మశక్యం కాలేదు.

తొమోయెకి ఇంకో సందేహం వచ్చింది. "మరి తర్వాత ఇన్నేళ్లూ ఎందుకు దగ్గుతున్నారు, కెప్టెన్?"

కెప్టెన్ టోపీ తీసి అందులోకి చూశాడు. "రికార్డు వచ్చాక జనం అడగడం మొదలుపెట్టారు. ఇంత నెమ్మదస్తుడు సరిగ్గా అక్కడే ఎందుకు దగ్గాడు, అక్కడేమైనా తేడా జరిగిందా అని. ఒకాయన చెవి ఆనించి మరీ వినసాగాడు. అందుకని మర్నాడు ఇంకో షాపుకి వెళ్లి దగ్గాను. ఆ మర్నాడు మరో చోట. కొన్నాళ్లకి అందరూ 'ఓహ్, అది ఇనగాకి దగ్గులే, ఆయనంతే' అని వదిలేశారు. ఆ చోటు సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు." టోపీ మళ్లీ పెట్టుకుని, "మొదట్లో కష్టంగానే ఉండేది. దగ్గు అంత సులువుగా రాదు" అన్నాడు.

ఇతోకో పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఉల్లిపాయలండీ" అంది.

"నా వల్లే మీరు మళ్లీ రికార్డు చేయలేదని..." కెప్టెన్ గొణిగాడు.

"అయ్యయ్యో! ఆ ఒక్కటీ పూర్తి చేశానన్న తృప్తితోనే పొలానికి పోయాను. సగంలో లేచిపోయి ఉంటే ఈపాటికి ఏడుస్తూ ఉండేదాన్ని. ఉల్లిపాయలు పాట మరిచినా ఏమీ అనుకోవు." అని వకుయి వైపు తిరిగింది. "ఆ దగ్గు ఉంటేనే రికార్డు రావాలి. లేకపోతే వద్దు."

వకుయి తన నమూనాని జేబులో దాచేసుకున్నాడు. ఒకిషియో లేచి, నడుము విరిగేలా వంగాడు. "కెప్టెన్, ఇన్నాళ్లూ మిమ్మల్ని నానా మాటలూ..."

"పరవాలేదండీ. బిళ్లలు బాగుండేవి."

కొత్త రికార్డు వచ్చింది. అట్ట వెనక వరసగా వేశారు. పియానో: నగీరా ఇతోకో. బేసు వాయించినాయన పేరు, డ్రమ్స్ వాయించినాయన పేరు. వాటి కింద అదే సైజు అక్షరాలతో, దగ్గు: ఇనగాకి. తోక్యోలో విమర్శకులు ఆ దగ్గు కాలప్రమాణాన్ని కొనియాడారు. తన కాపీలో దగ్గు స్పష్టంగా లేదని ఒకాయన తొమోయె దగ్గరికి వచ్చి పేచీ పెట్టి మరీ మార్చుకుపోయాడు. మూడు బోర్డుల కాఫీ షాపువాడు టోపీ బొమ్మ మీద ఎర్రగీత చెరిపేసి, టోపీని మాత్రం ఉంచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కెప్టెన్ మళ్లీ అడుగు పెట్టెల ముందు మోకరిల్లి ఉన్నాడు. చినుకులు ఆగాయి. టోపీ తీశాడు. పేరు ఎవరూ వినలేదు. తొమోయె సూది దించింది. పియానో సన్నగిల్లింది, సన్నగిల్లింది, ఒక్క స్వరం దగ్గర నిలబడింది. ఒకిషియో కళ్లు మూసుకున్నాడు, మొదటిసారి ఏ భయమూ లేకుండా.

"ఖ్హూం... ఖు ఖు!"

"కెప్టెన్!" ఒకిషియో దాదాపు ఏడ్చాడు. "ఇంకా ఎందుకండీ? సంగతంతా లోకానికి తెలిసిపోయిందిగా!"

"తెలిసింది కాబట్టే" అన్నాడు కెప్టెన్, బిళ్ల కోసం చెయ్యి చాస్తూ. "ఇప్పుడు నేనూ అట్ట మీద పేరున్న కళాకారుణ్ణి. సాధన మానకూడదు కదా."

నెత్తిమీద రైలు వచ్చింది. తొమోయె బల్లని రెండు చేతులా అదిమి పట్టుకుంది.